2.20 అంటే ఎంత పొలం?

అందరికీ నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాల్లో మాట్లాడమని పిలిచారు, పుస్తకాల గురించి చెప్పడానికి నాకంటే బాగా చదువుకున్నవాళ్లు ఈ వారమంతా వస్తున్నారు, నేను ముప్పై ఏళ్లు బళ్లో లెక్కలు చెప్పినవాణ్ణి కాబట్టి నాకు బాగా తెలిసిన ఒక్క విషయం చెప్పి కూర్చుంటాను. ముందు మిమ్మల్ని ఒకటి అడుగుతాను. బోర్డు మీద రాస్తున్నా చూడండి, 2.20. ఇది పాస్‌బుక్కులో ఉన్న పొలం విస్తీర్ణం. ఎంత పొలం?

(సభలోంచి: రెండెకరాల ఇరవై సెంట్లు.)

అవును, మన పల్నాడులో ఎవర్ని అడిగినా అదే చెప్తారు. ఇప్పుడు ఇదే అంకె కృష్ణ దాటించి హుజూర్‌నగర్‌లో ఒక రైతుకి చూపించండి. రెండెకరాల ఇరవై గుంటలు అంటాడు. మనకి ఎకరానికి 100 సెంట్లు, వాళ్లకి ఎకరానికి 40 గుంటలు. ఇరవై గుంటలంటే అరెకరం. అంటే మనం 2.20 అని చదివేది వాళ్ల దగ్గర రెండున్నర ఎకరాలు. ఏరు ఒక్కటే, నీళ్లు ఒక్కటే, భాష ఒక్కటే, అంకె కూడా ఒక్కటే, పొలం మాత్రం 30 సెంట్లు తేడా. ముప్పై సెంట్లంటే 1,452 గజాలు.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. మా చెల్లెల్ని ఆ వైపే ఇచ్చాం. కొన్నేళ్ల కిందట మా బావ కూతురి పెళ్లికని ఒక పొలం ముక్క అమ్మకానికి పెడితే, బయటివాళ్లకి ఎందుకని ఈ వైపునుంచి మా పెదనాన్న గారి అబ్బాయే, నాకు అన్నయ్య అవుతాడు, కొంటానన్నాడు. ఎకరం 12 లక్షలని మాట అనుకున్నారు. అన్నయ్య పాస్‌బుక్కు ఫోటో నాకు పంపించి, తమ్ముడూ ఎంతవుతుందో చూడరా అన్నాడు. నేను 2.20 ని 12 తో గుణించి 26 లక్షల 40 వేలు అని చెప్పేశాను. అక్కడ మా బావ లెక్క 30 లక్షలు. మూడు లక్షల అరవై వేలు తేడా వచ్చేసరికి, మాట మార్చాడని ఈయన, అడ్వాన్సు ఇచ్చాక గీచి గీచి బేరమాడుతున్నాడని ఆయన, నెల రోజులు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. మధ్యలో మా చెల్లెలు ఫోన్ చేసి ఏడ్చేది. చివరికి నేను వెళ్లి శుభలేఖ కవరు వెనక పెద్ద అక్షరాలతో "2 ఎకరాలు, 20 గుంటలు" అని విడదీసి రాశాక అప్పుడు అందరికీ అర్థమైంది. ఇద్దరూ నిజాయితీపరులే. ఎవరూ మోసం చెయ్యలేదు. తప్పు నాది, అంకె చూశాను గాని అంకె పక్కన ఏముందో అడగలేదు. ఆ నెల రోజులు మా చెల్లెలు పడ్డ బాధ నాకు ఇప్పటికీ గుర్తుంది, అందుకే ఈ విషయం ఎక్కడ పిలిచినా చెప్తుంటాను.

అసలు చిక్కంతా ఆ చుక్కలో ఉంది. బళ్లో మనం దశాంశ బిందువు నేర్పుతాం. దాని తర్వాత వచ్చేది పదో వంతు, వందో వంతు. సెంటు అంటేనే వందో వంతు, కాబట్టి మన వైపు చుక్క పెట్టినా లెక్క తప్పదు, కాల్‌క్యులేటర్ సరిగ్గానే చెప్తుంది. గుంట నలభయ్యో వంతు. అక్కడ పెట్టిన చుక్క దశాంశ బిందువు కానే కాదు, ఊరికే రెండు కొలతల మధ్య గీసిన గీత లాంటిది. ఒక ఎకరం ముప్పై గుంటలు, ఇంకో ఎకరం ముప్పై గుంటలు కలిపితే మూడెకరాల ఇరవై గుంటలు రావాలి. కాల్‌క్యులేటర్‌లో 1.30, 1.30 కొట్టి చూడండి, 2.60 అంటుంది. దానికేం తెలుసు పాపం, మనం గుంటలని చెప్పలేదుగా.

పిల్లలకి ఇది బాగా తెలుసు. ఏమ్మా, 18.4 ఓవర్లు అంటే ఏంటి? చూశారా, పద్దెనిమిది ఓవర్ల నాలుగు బంతులు అని టక్కున చెప్పింది. ఇంకో 1.4 ఓవర్లు వేస్తే? ఇరవై ఓవర్ల రెండు బంతులు. ఒక్కరు కూడా 19.8 అనలేదు. క్రికెట్‌లో ఎవరూ పొరపాటు పడరు ఎందుకంటే ఓవర్‌కి ఆరు బంతులని కళ్లముందు కనిపిస్తుంది. అదే పిల్లాడు ఎత్తు చెప్పమంటే 5.6 అంటాడు. ఐదడుగుల ఆరంగుళాలు, అంటే అడుగుల్లో ఐదున్నర, 5.5. ఇంట్లో కిటికీకి దోమల మెష్ వేయించాలని టేపు పట్టి 4.6, 3.6 అని చీటీ మీద రాసిస్తాం. నాలుగున్నర అడుగులు, మూడున్నర అడుగులు, గుణిస్తే 15.75 చదరపు అడుగులు. ఉన్నదున్నట్టు కాల్‌క్యులేటర్‌లో కొడితే 16.56 వస్తుంది. ఒక కిటికీకి పోయేది ఏముంది, ముక్కాలు అడుగు. ఇల్లంతా టైల్స్ వేయించేటప్పుడు, గదికి ఇంతింత తేడా వచ్చి చివర్లో రెండు పెట్టెలు మిగిలిపోయి, మళ్లీ కొట్టుకెళ్తే వెనక్కి తీసుకోం అంటే అప్పుడు తెలుస్తుంది.

మన పెద్దవాళ్లకి ఈ బాధ లేదు. పాత ఖాతా పుస్తకాలు ఇంట్లో ఉంటే తీసి చూడండి, రూ. 3-8-0 అని అడ్డగీతలు పెట్టి ఉంటుంది. మూడు రూపాయల ఎనిమిది అణాలు, దమ్మిడీల్లేవు. రూపాయికి 16 అణాలు, కాబట్టి అది మూడున్నర రూపాయలు. చుక్క పెట్టేవాళ్లు కాదు, ఒక్కో కొలతకి ఒక్కో గడి. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి 100 నయా పైసలు వచ్చాక రూపాయల్లో చుక్క పెట్టుకునే వీలు వచ్చింది, అది మంచిదే, కూడిక తీసివేతలు ఎంతో తేలికయ్యాయి. మనం చేసిన పొరపాటు ఏంటంటే ఆ చుక్కని తీసుకెళ్లి వందలు లేని చోట కూడా పెట్టడం. గుంటలు, అంగుళాలు, గంటలు నిమిషాలు, వీటికి అడ్డగీతే పెట్టండి. లేదా రెండక్షరాలు ఎక్కువైనా పేరు రాయండి.

ఇప్పుడు గజం దగ్గరికి వద్దాం, ఇంటి స్థలాలు కొనేవాళ్లు చాలామంది ఉన్నారు ఇక్కడ. గజానికి ఎన్ని అడుగులు?

(సభలోంచి: మూడు.)

మూడు. 30 అడుగులు, 40 అడుగుల స్థలం ఉంది, 1,200 అడుగులు. మరి ఎన్ని గజాలు? మూడుతో భాగించి నాలుగొందలు అనేవాళ్లని నేను చూశాను, డిగ్రీ చదివినవాళ్లని కూడా. నూట ముప్పై మూడు గజాల చిల్లర అది. తప్పు వాళ్లలో లేదు, మన మాటలోనే ఉంది. పొడవు కొలిచినా గజమే అంటాం, స్థలం కొలిచినా గజమే అంటాం, "చదరపు" అనే మాట నోట్లోంచి రాదు. నూట యాభై గజాల స్థలం, వెయ్యి రెండొందల అడుగుల ఫ్లాట్ అని అంటాం. చీర గజం వేరు, స్థలం గజం వేరు. నేల మీద సుద్దముక్కతో మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు పెట్టి ఒక చతురస్రం గీసి, లోపల అడుగు అడుగుకీ గీతలు గీసి గళ్లు లెక్కపెట్టించండి పిల్లలతో. తొమ్మిది వస్తాయి. ఒకసారి ఆ తొమ్మిది గళ్లలో కాలు పెట్టి తిరిగిన పిల్లాడు జన్మలో మళ్లీ మూడుతో భాగించడు, నేను ఎన్నో ఏళ్లు చేయించి చూశాను.

ఈ పద్ధతిలోనే గుంట కూడా కళ్లకి కట్టించుకోవచ్చు. పొడవు 33 అడుగులు, వెడల్పు 33 అడుగులు, అదే గుంట. గజాల్లో అయితే 11 కి 11, 121 చదరపు గజాలు. నలభై గుంటలు 4,840 గజాలు, ఎకరం. వందతో భాగిస్తే 48.4 గజాలు, సెంటు. గుంటకి రెండున్నర సెంట్లు. ఈ నాలుగు అంకెలు తెలిస్తే రెండు రాష్ట్రాల్లోనూ ఎక్కడైనా నిలబడి లెక్క కట్టొచ్చు. హెక్టారంటే 2.47 ఎకరాలు, అది ఐదో అంకె.

మరి గుణించాలా, భాగించాలా? అందరూ తడబడేది ఇక్కడే. దీనికి నేను చెప్పే పద్ధతి ఒక్కటే, అంకె పక్కన కొలత పేరు రాయండి, ఆ పేర్లని కూడా అంకెల్లాగే పైనా కిందా పెట్టి కొట్టేయండి. ఏం మిగలాలో అది మిగిలిందా, లెక్క సరైంది. మిగల్లేదా, తిరగేసి రాయండి. ఒక ఉదాహరణ చూపిస్తాను. వ్యవసాయం పుస్తకంలో వరికి హెక్టారుకి 120 కిలోల నత్రజని అని రాసి ఉందనుకోండి. మనకి కావాల్సింది ఎకరానికి ఎన్ని బస్తాల యూరియా అని. పుస్తకంలో ఉన్నది ఒకటి, కొట్లో దొరికేది ఒకటి. రాస్తున్నాను. పైన 120 కిలోల నత్రజని, కింద ఒక హెక్టారు. నాకు హెక్టారు పోయి ఎకరం రావాలి, కాబట్టి పక్కన పైన ఒక హెక్టారు, కింద 2.47 ఎకరాలు. పైన హెక్టారు, కింద హెక్టారు కొట్టేశాను. ఎకరానికి 48.6 కిలోల నత్రజని. ఇప్పుడు నత్రజని పోయి యూరియా రావాలి. యూరియాలో నత్రజని 46 శాతం, అంటే 46 కిలోల నత్రజని కోసం 100 కిలోల యూరియా. పైన 100 కిలోల యూరియా, కింద 46 కిలోల నత్రజని. నత్రజని కొట్టేశాను. నూట ఐదున్నర కిలోల యూరియా. బస్తా ఇప్పుడు 45 కిలోలు, ఇదివరకు 50 ఉండేది, గమనించండి, బస్తా అనే మాట మారలేదు, లోపలి బరువు మారింది. 45 తో భాగిస్తే రెండు బస్తాలు, మూడో బస్తాలో మూడో వంతు. ఒకేసారి వెయ్యరు లెండి, రెండు మూడు దఫాలుగా వేస్తారు. ఇందులో సూత్రం ఏమైనా బట్టీ పట్టామా? లేదు. పేర్లు రాసుకుంటూ పోయాం, అవే దారి చూపించాయి.

వంటింటి సంగతి ఒక్క మాట. తెలుగులో ఎంత మంచి మాటలున్నాయో చూడండి, కొలవడం వేరు, తూచడం వేరు. సోల, తవ్వ, మానిక, కుంచం, తూము, ఇవన్నీ కొలిచేవి, పాత్ర నిండా పోసి చూసేవి. వీశె, సేరు, తులం తూచేవి. కొలిచినదాన్ని తూచినదానిలోకి మార్చాలంటే అందులో ఉన్న వస్తువు ఏంటో తెలియాలి. మానిక బియ్యం, మానిక అటుకులు ఒకే బరువుంటాయా? నూనె ప్యాకెట్ తిప్పి చూడండి, ఒక లీటరు, 910 గ్రాములు అని ఉంటుంది. కాబట్టి గానుగ దగ్గర కిలో లెక్కన అమ్మే నూనెకీ, కొట్లో లీటరు లెక్కన అమ్మే నూనెకీ ధర పోల్చేటప్పుడు కిలో అంటే దాదాపు లీటరూ వంద మిల్లీలీటర్లని గుర్తుపెట్టుకోవాలి. లీటరుకి కిలో అనేది నీళ్లకే.

నీళ్లంటే గుర్తొచ్చింది, అసలు నేను ఎక్కువసేపు మాట్లాడాలనుకున్నది దీని గురించే. మనమంతా సాగర్ కుడి కాలువ కింద బతుకుతున్నవాళ్లం. జూలై, ఆగస్టు వచ్చిందంటే పొద్దున్నే పేపర్లో మొదట చూసేది శ్రీశైలంలోకి ఎంత వస్తోంది, సాగర్‌లో ఎంత ఉంది అని. ఎంత వస్తోందో క్యూసెక్కుల్లో రాస్తారు, ఎంత ఉందో టీఎంసీల్లో రాస్తారు. రెండూ నీళ్లే కదా అని కలిపి మాట్లాడతాం. క్యూసెక్కు ప్రవాహం, సెకనుకి ఒక ఘనపుటడుగు నీళ్లు, 28.3 లీటర్లు, అంటే పెద్ద బిందెలు సుమారు రెండు. టీఎంసీ నిల్వ, వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్లు. బండి గంటకి ఎంత వేగంతో పోతోందన్నది ఒకటి, ఊరు ఎంత దూరమన్నది ఒకటి. మధ్యలో కాలం చేరిస్తేనే రెంటికీ లంకె కుదురుతుంది. రోజుకి 86,400 సెకన్లు. వంద కోట్లని దానితో భాగిస్తే 11,574. అంటే పదకొండు వేల అయిదొందల పైచిలుకు క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. లక్ష క్యూసెక్కులు రోజంతా వస్తే 8.64 టీఎంసీలు.

ఇప్పుడు పేపర్ చదవండి. సాగర్ పూర్తి నిల్వ 312 టీఎంసీలు, 590 అడుగుల దగ్గర. ఇవాళ 280 ఉంది, పైనుంచి రెండు లక్షల క్యూసెక్కులు వస్తోంది అనుకోండి. ఇంకా 32 టీఎంసీలు పట్టాలి. రోజుకి 17 చిల్లర చేరుతుంది. కిందికి ఏమీ వదలకపోతే రెండు రోజుల లోపే నిండుతుంది. ఎల్లుండి గేట్లెత్తుతారా లేదా అని టీ కొట్టు దగ్గర ఊహించుకోనక్కర్లేదు, మనమే కట్టొచ్చు. ఆవిరయ్యేది, కాలువలకి వదిలేది తీసేస్తే కొంచెం అటూ ఇటూ అవుతుంది, అంతే.

దీన్ని మన చేలోకి తెద్దాం. మన కాలువ తూము, చూడండి, ధాన్యం కొలిచే తూముకీ నీళ్లు వదిలే తూముకీ ఒకటే మాట, ఆ తూములోంచి ఒక్క క్యూసెక్కు ఇరవై నాలుగు గంటలు వదిలారు. 86,400 ఘనపుటడుగులు. ఎకరానికి 43,560 చదరపు అడుగులు. భాగిస్తే అడుగులు మిగులుతాయి, 1.98. అంటే ఒక క్యూసెక్కు ఒక రోజు పారితే ఒక ఎకరంలో రెండడుగుల లోతు నీళ్లు నిలుస్తాయి, లేదా పన్నెండు ఎకరాల్లో రెండంగుళాలు. వరికి ఒక తడికి రెండంగుళాలు చాలనుకుంటే, ఒక క్యూసెక్కు రోజుకి పన్నెండు ఎకరాలు తడుపుతుంది, కాలువలో ఇంకేది పోగా. వంతులు వేసుకునేటప్పుడు చివరి ఎకరం వాళ్లకి ఎందుకు అందడం లేదో, ఎవరి మీదా అరవకుండా, ఈ లెక్క ముందు పెట్టుకుని మాట్లాడొచ్చు. నాకు ఈ లెక్క అంటే అందుకే ఇష్టం.

వాన కూడా ఇంతే. 50 మిల్లీమీటర్లు కురిసిందని రాస్తారు. ఏంటది, పొడవా? నేల మీద పడ్డ నీరు ఇంకకుండా, పారకుండా నిలబడితే ఎంత లోతుంటుందో ఆ లోతు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే సరిగ్గా ఒక లీటరు. ఎకరానికి 4,047 చదరపు మీటర్లు, కాబట్టి 50 మిల్లీమీటర్లు పడితే ఎకరంలో రెండు లక్షల లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లు నలభై. ఒక్క ఎకరంలోనే!

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను, అమ్మలు జాగ్రత్తగా వినండి. పిల్లలకి జ్వరం వస్తే వేసే పారాసిటమాల్ సిరప్ 5 మిల్లీలీటర్లకి 120 మిల్లీగ్రాములది ఉంది, 5 మిల్లీలీటర్లకి 250 మిల్లీగ్రాములది ఉంది. పసిపిల్లల చుక్కల మందులో అయితే ఒక్క మిల్లీలీటరులోనే 100 ఉంటుంది. పోయినసారి డాక్టర్ గారు ఒక చెంచా వెయ్యమన్నారు కదా అని ఈసారి వేరే సీసాలోంచి అదే చెంచా వేస్తే మందు రెండింతలు దాటిపోతుంది. చుక్కల మందు అయితే నాలుగింతలు. మిల్లీలీటరు కొలత, మిల్లీగ్రాము మందు. డాక్టర్ దగ్గర అడిగేటప్పుడు ఎన్ని మిల్లీగ్రాములో అడగండి, ఈ సీసాలో అది ఎన్ని మిల్లీలీటర్లో కూడా అక్కడే రాయించుకోండి, సీసాతో ఇచ్చిన మూతతోనే కొలవండి.

ఇన్సులిన్ వేసుకునేవాళ్లూ అంతే. మన దగ్గర సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకి 40 యూనిట్లవి, వాటికి ఎర్ర మూత సిరంజి. మిల్లీలీటరుకి 100 యూనిట్లవీ ఉన్నాయి, దాని సిరంజికి నారింజ రంగు మూత. 40 ది తీసుకుని 100 సిరంజిలో 20 గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది 8 యూనిట్లే. తిరగబడితే, 100 ది 40 సిరంజిలో 20 గీత దాకా లాగితే 50 యూనిట్లు, అది ప్రాణం మీదికి వస్తుంది. సీసా మీద అంకె, సిరంజి మీద అంకె ఒకటేనా అని ప్రతిసారీ చూడండి. ఇంట్లో పెద్దవాళ్లకి కళ్లు ఆనకపోతే పిల్లలు చూసిపెట్టండి.

(సభలోంచి ఒకావిడ: మాస్టారూ, మా అమ్మమ్మ రాసిన చీటీలో గొలుసు 5 తులాలు అని ఉంది. తులమంటే పది గ్రాములే కదండీ?)

మంచి ప్రశ్న అమ్మా. ఇవాళ బంగారం కొట్లో తులమంటే పది గ్రాములనే అంటున్నారు, లెక్కకి తేలికని. పాత తులం 11.66 గ్రాములు. మీ అమ్మమ్మ గారి నాటి చీటీ అంటే పాత తులమే అయ్యుంటుంది, అలాగైతే ఐదు తులాలు 58.3 గ్రాములు. పది చొప్పున యాభై అని కడితే ఎనిమిది గ్రాముల పైన తగ్గింది, ఒక కాసు బంగారం కంటే ఎక్కువే. ముందు గొలుసు తీసుకెళ్లి తూయించండి, ఎంతుందో చూడండి, 58 దగ్గరుంటే చీటీ పాత తులానిదే. ఇక అదే చీటీ కింద ఇవాళ్టి తారీఖు వేసి, గ్రాముల్లో ఎంతో మీ చేత్తో రాసిపెట్టండి.